బండ మీద ఏడో అడుగు

అనగనగా ఒక అడవిలో, అన్ని అడవుల్లోలాగే, ఏడాదికోసారి ఎండాకాలం వచ్చేది. ఎండాకాలం వస్తే ఆకులు రాలేవి. రాలిన ఆకులు అప్పడాల్లా ఎండి కరకరలాడేవి. ఎక్కడో ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, అడవి అడవంతా అంటుకునేది.

అందుకని ఆ అడవి జంతువులు రెండు పనులు పెట్టుకున్నాయి.

ఒకటి కావలి పని. గుట్ట మీద ఒంటరిగా ఒక పెద్ద మద్దిచెట్టు ఉండేది. దాని చిటారుకొమ్మన కొమ్మక్క అనే కొండముచ్చు కూర్చునేది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా నాలుగు దిక్కులూ చూస్తూ ఉండేది. ఎక్కడ పొగ లేచినా "ఖే! ఖే! ఖే!" అని మూడు కేకలు పెట్టేది.

రెండోది చిమ్మే పని. అడవికోళ్ళు గుంపుగా చేరి, కాళ్ళతో ఎండుటాకులు చిమ్మి, ఎర్రమట్టి కనబడేలా బారుగా దారి తీసేవి. దాన్ని మట్టిదారి అనేవారు. మంట ఆ దారి దాకా వచ్చేది. తినడానికి ఆకు దొరక్క అక్కడే చల్లారిపోయేది.

మరి చెట్టు మీద కూర్చున్నవాళ్ళు మేతకు పోలేరు కదా? ఆకులు చిమ్మేవాళ్ళకూ తీరిక ఉండదు కదా? అందుకే వాళ్ళకు అడవి గాదె నుంచి తిండి పెట్టేవారు. గాదె అంటే ఒక రాతి గుహ. ఎండబెట్టిన ఇప్పపూలు, తునికిపండ్లు, దుంపలు అందులో దాచేవారు. గుహ నోటికి ఒక పెద్ద రాయి అడ్డం పెట్టేవారు.

ఆ రాయి ఎవరికి తోస్తే వాళ్ళు తీస్తే ఇంకేముంది, నాలుగు రోజుల్లో గాదె ఊడ్చుకుపోతుంది. అందుకని దానికో కట్టుబాటు ఉంది. అడవికి పదిమంది పెద్దలు. వాగు పక్కన ఉండేవాళ్ళు ఆరుగురు. గుట్ట మీద ఉండేవాళ్ళు నలుగురు. కార్తె మారినప్పుడల్లా ఈ పదిమందీ ఒక నల్లబండ దగ్గర కూడేవారు. దాన్ని సరేబండ అనేవారు. ఒప్పుకున్నవాళ్ళు బండ ఎక్కాలి. ఒప్పుకోనివాళ్ళు కింద ఉండాలి. బండ మీద ఏడుగురు నిలబడితే ముసలి తాబేలు లెక్కపెట్టి "సరే!" అనేది. అప్పుడే గాదె రాయి తీసేవారు. ఏడుగురు లేకపోతే మాట లేదు. మాట లేకపోతే గాదె లేదు.

ఆరుగురు చాలరా, ఏడుగురు ఎందుకు అంటారా? ఒకప్పుడు ఆరుగురు ఉంటే చాలేది. ఆ రోజుల్లో వాగువాళ్ళు ఆరుగురూ ఒక్కటై, గుట్టవాళ్ళకు గింజ కూడా పెట్టకూడదని తీర్మానించారు. ఆ ఏడు గుట్ట ఆకలితో మాడిపోయింది. తర్వాత అందరూ సిగ్గుపడి, ఇకమీదట ఏడుగురు ఉండాలని పెట్టుకున్నారు. ఏడుగురు కావాలంటే అటు నుంచి ఒక్కరైనా ఇటు రావాలి. ఆ ఒక్కరి కోసం నాలుగు మంచి మాటలు మాట్లాడుకోవాలి. పాతవాళ్ళ ఆలోచన అదీ. ఎంత మంచి ఆలోచన!

గుట్ట పెద్దలు నలుగురిలో చిన్నవాడు ఏదుపంది ముళ్ళయ్య. వీపు నిండా ముళ్ళే గానీ మనసు మెత్తన. దుంపలు తవ్వడంలో వాడిని మించినవాళ్ళు లేరు. గాదెలో ఉన్న దుంపల్లో సగం వాడు తవ్వినవే. కొమ్మక్క అంటే వాడికి సొంత చెల్లెలితో సమానం. మూడేళ్ళ కిందట వాడి బొరియ వైపు మంట వస్తుంటే, కొమ్మక్క వేసిన మూడు కేకలే వాడి పసిపిల్లలను కాపాడాయి.

ఆ ఏడు రోహిణి కార్తె వచ్చింది. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. సరేబండ పెనంలా కాలుతోంది. వాగు పెద్దలు ఆరుగురూ బండ ఎక్కారు. గుట్ట పెద్దలు నలుగురూ కింద, రేలచెట్టు నీడలో నిలబడ్డారు.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, గుట్ట మీద ఒక చెలమ ఉంది. ఏటా ఎండాకాలంలో కోళ్ళే ఆ చెలమలో పూడిక తీసేవి. గుట్టవాళ్ళకు అవే తాగే నీళ్ళు. ఈసారి వాగు పెద్దలు కోళ్ళకు చెప్పే పనుల్లోంచి చెలమ పని తీసేశారు.

"ముందు బండ ఎక్కండి. కొమ్మక్కకూ కోళ్ళకూ తిండి పెడదాం. చెలమ సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నాడు వాగు పెద్ద అడవిదున్న.

"నీ 'తర్వాత' మాకు తెలియనిదా బావా!" అన్నాడు గుట్ట పెద్ద ఎలుగు. "పోయిన ఏడు తేనెపట్టు సంగతి కూడా తర్వాతే అన్నావు. ఆ తర్వాత ఇంకా దారిలోనే ఉన్నట్టుంది. చెలమ మాట చెప్పు, బండ ఎక్కుతాం."

"ఎక్కితే చెప్తాను."

"చెప్తే ఎక్కుతాను."

దున్న పక్కనే బండ మీదున్న నక్క తల దూర్చింది. "ఎందుకు బాబాయ్ వీళ్ళను బతిమాలడం? ఏడు వద్దు, ఆరు చాలని ఇప్పుడే కట్టుబాటు మార్చేద్దాం. ఏడుగురు కావాల్సింది గాదె తెరవడానికే, కట్టుబాటు మార్చడానికి ఆరుగురం చాలుగా!"

"నోర్ముయ్!" అన్నాడు దున్న. "రేపు మనమే నలుగురం అయితే? అప్పుడు మనల్ని కాచేది ఆ ఏడే."

దున్న అన్నది నిజమే. ఎలుగు అడిగిందీ న్యాయమే. కానీ రెండు నిజాలూ ఎదురెదురుగా నిలబడి కొమ్ములు విసురుకుంటే ఏం లాభం? పొద్దు గుంకింది. తాబేలు లెక్కపెట్టింది. ఆరు. మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే.

"మాట లేదు" అంది తాబేలు, మెడ లోపలికి లాక్కుంటూ.

ఆ సాయంత్రమే వాగువాళ్ళు రామచిలుకలను పంపారు. అవి చెట్టు చెట్టుకూ వాలి, "గాదె మూసింది గుట్టవాళ్ళు! గాదె మూసింది గుట్టవాళ్ళు!" అని అరిచాయి. గుట్టవాళ్ళు ఊరుకుంటారా? గోరువంకలను పంపారు. "గాదె మూసింది వాగువాళ్ళు! గాదె మూసింది వాగువాళ్ళు!" అడవంతా ఇదే గోల. మూసిన గాదెను తెరవడమెలా అని మాత్రం ఒక్క పిట్టా కూయలేదు.

అన్నట్టు ఇంకో సంగతి. పనివాళ్ళ తిండి ఆగింది గానీ పెద్దల వాటా ఆగలేదు. అది వేరే గూట్లో ఉండేది. మాట ఉన్నా లేకపోయినా పెద్దలకు ముట్టాల్సిందే. ఆ కట్టుబాటు మాత్రం ఎప్పుడో పదిమందీ ఒక్క మాటగా పెట్టుకున్నారు.

ముళ్ళయ్య బొరియ ముందు కూర్చుని తన వాటా ఇప్పపూలు నములుతుంటే, కొమ్మక్క చెట్టు దిగి వచ్చింది. ఆమె పొట్టకు పసిపిల్ల కరుచుకుని ఉంది.

"మాట వచ్చిందా అన్నా?"

"రేపు వస్తుందిలే అమ్మా."

"అయితే రేపటిదాకా కూర్చుంటాను" అంది కొమ్మక్క. మళ్ళీ చెట్టెక్కింది.

నోట్లో ఇప్పపువ్వు ఎందుకో చేదుగా అనిపించింది ముళ్ళయ్యకు. అయినా మింగేశాడు.

రేపు వచ్చింది. మాట రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజుకు కోళ్ళు చెదిరిపోయాయి. పొదల్లో గుడ్లు పొదుగుతున్న తల్లికోళ్ళను పెట్టుకుని ఎంతకని పస్తులుంటాయి? పుట్టల వెంట చెదపురుగులు వెతుక్కుంటూ తలో దిక్కూ పోయాయి. మట్టిదారి మీద మళ్ళీ ఆకులు రాలాయి. మొదట ఎరుపు మీద చుక్కల్లా ఉన్నాయి. తర్వాత ఎరుపే కనబడలేదు.

కొమ్మక్క రెండోసారి వచ్చింది. డొక్కలు లోపలికి పోయాయి. పసిపిల్ల పాలు రాక రొమ్ము లాగుతూ కీచుమంటోంది.

"అన్నా, నాకు గుట్టవాళ్ళు వాగువాళ్ళు అని తెలియదు. పైనుంచి చూస్తే రెండూ ఒకే అడవిలా కనిపిస్తాయి. మట్టిదారి పూడిపోయింది. ఏడో అడుగు పడితే కోళ్ళు తిరిగి వస్తాయి. నువ్వైనా బండ ఎక్కవా?"

ముళ్ళయ్య లోపలికి పోయి రెండు దుంపలు తెచ్చాడు. "ముందు ఇవి తిను తల్లీ."

కొమ్మక్క దుంపలు తీసుకుంది. "నీది మంచి మనసన్నా. కానీ నేను అడిగింది దుంపలు కాదు" అంది. వెళ్ళిపోయింది.

ముళ్ళయ్య భార్య తల బయటపెట్టింది. "ఏమయ్యా, ఆమె కేక వేయకపోతే ఆనాడు మన పిల్లలు ఉండేవాళ్ళా? కాలు కదపడానికి అంత బరువేమిటి నీకు?"

"నీకేం, ఎన్నైనా చెప్తావు! నేను ఒక్కడినే బండ ఎక్కితే ఎలుగు బావ మొహం ఎలా చూడాలి? గుట్టను అమ్మేశాడంటారు. చెలమ పూడిపోతే మన పిల్లలే కదా నాలుక పిడచగట్టుకునేది?"

"చెలమ మాట అడుగుతూనే బండ మీద నిలబడొచ్చుగా? బండ ఎక్కితే నోరు పడిపోతుందా ఏమిటి?"

జవాబు లేకపోతే ఏదుపందులు ముళ్ళు విదిలిస్తాయి. ముళ్ళయ్యా అదే చేశాడు.

తొమ్మిదో రోజు. సభ మళ్ళీ కూడింది. ఆరుగురు కాలే బండ మీద కాలు మార్చి కాలి మీద నిలబడుతున్నారు. నలుగురు నీడలో నిలబడ్డారు. మాటలు అవే. తిట్లు అవే. ముళ్ళయ్య తల ఎత్తి గుట్ట వైపు చూశాడు. మద్దిచెట్టు మీద కొమ్మక్క ఎండిన కాయలా వేలాడుతోంది.

'పోనీ. ఎక్కుతాను. ఎక్కి చెలమ మాట అక్కడే అడుగుతాను' అనుకున్నాడు. నీడ దాటాడు. ముందుకాలు ఎత్తి బండ అంచు మీద పెట్టబోయాడు.

"చూశారా! చూశారా!" అని నక్క గంతేసింది. "ఒకడు విరిగాడు! గుట్ట ఓడింది! చిలుకలూ, ఎగరండి! ముళ్ళయ్య కాళ్ళబేరానికి వచ్చాడని చెప్పండి!"

ముళ్ళయ్య కాలు గాల్లోనే ఆగింది. వెనకనుంచి ఎలుగు చెవి దగ్గర గొణిగాడు. "ఆగరా బావా. ఒక్క రోజు. వాళ్ళ అరికాళ్ళు బొబ్బలెక్కుతున్నాయి. రేపటికి వాళ్ళే దిగొస్తారు. ఇంతదాకా ఆగినవాడివి ఒక్క రోజు ఆగలేవా?"

ముందు వెక్కిరింత. వెనక బుజ్జగింపు. మధ్యలో ముళ్ళయ్య కాలు. ఎత్తిన ఆ కాలిని వాడు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. నీడలోకి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం కొమ్మక్క మూడోసారి వచ్చింది. ఆమె ఈసారి మాట వచ్చిందా అని అడగలేదు. చెట్టు మీద నుంచి అంతా చూసింది. లేచిన కాలును చూసింది. దిగిన కాలును కూడా చూసింది.

"అన్నా, పిల్లకు పాలు లేవు. రేపు పొద్దున్నే వాగు దాటి మేడిపండ్లకు పోతున్నాను. ఒక్క పూటే. ఆ ఒక్క పూట చెట్టు మీద ఎవరినైనా కూర్చోబెట్టు. ఎలుగు పెద్దకు చెట్టెక్కడం వచ్చు కదా."

ముళ్ళయ్య ఎలుగు దగ్గరకు పరిగెత్తాడు. ఎలుగు తల అడ్డంగా ఊపాడు. "భలేవాడివే! నేనెక్కితే, గాదె తెరవకుండానే కావలి నడుస్తోంది చూడండని దున్న అంటాడు. ఇక మన చెలమను పట్టించుకునేదెవరు? ఒక్క పూటకు కొంపలేం మునగవులే."

మర్నాడు పొద్దున మద్దిచెట్టు మీద ఎవరూ లేరు. అడవిలో అందరికీ ఆ చెట్టు కనబడుతూనే ఉంది. కానీ కొమ్మక్క ఉన్నప్పుడు తల ఎత్తి చూడని వాళ్ళు, లేనప్పుడు మాత్రం ఎందుకు చూస్తారు?

మిట్టమధ్యాహ్నం. సభలో వాదన మాంచి జోరు మీద ఉంది. ఇన్నాళ్ళ ఆకలికి కారణం ఎవరని తేలుస్తున్నారు.

"ఏదో కమురు వాసన వస్తోంది" అంది తాబేలు.

"మాట మార్చకు!" అన్నాడు దున్న.

"తేలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదు!" అన్నాడు ఎలుగు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ కుదిరింది.

ఎవరూ కేక వేయలేదు. మట్టిదారి ఎక్కడుందో మంటకు తెలియలేదు. ఆకుల మీద నుంచి ఆకుల మీదకు, పొద మీద నుంచి పొద మీదకు నడిచి వచ్చింది. బండ దగ్గరున్న పెద్దలకు పొగ కళ్ళల్లో పడేదాకా తెలియలేదు. అప్పుడు మాత్రం పదిమందీ ఒకే వైపు పరిగెత్తారు. పిల్లాజెల్లా, గుట్టా వాగూ, అందరూ వాగు నీళ్ళలో దిగి, ముక్కులు పైకెత్తి, ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. ముళ్ళయ్య తన పిల్లలను ముందుకు తోసుకుంటూ అందరికంటే చివర నీళ్ళలో దిగాడు. వాడి ముళ్ళ చివరలు కాలి ఉన్నాయి.

సాయంత్రానికి మంట దానంతట అదే ఆరింది. ఇప్పతోపు కాలిపోయింది. చెలమ బూడిదతో పూడిపోయింది. మద్దిచెట్టు నల్లటి మొండెమై నిలబడింది. గుడ్ల మీంచి లేవని తల్లికోళ్ళు కొన్ని పొదల్లోనే ఉండిపోయాయి. ఇక గాదె? ఎండిన ఇప్పపూలు, ఎండిన పండ్లు. రాయి సందులోంచి ఒక్క రవ్వ దూరింది. పది రోజులుగా ఎవరి కోసమూ తెరవని గాదె లోపల్లోపలే బుగ్గి అయింది.

మర్నాడు పొద్దున ఎవరూ పిలవకుండానే పెద్దలు సరేబండ దగ్గరకు వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్కొక్కరే బండ ఎక్కారు. తాబేలు లెక్కపెట్టింది.

"పది" అంది. మళ్ళీ లెక్కపెట్టి, "సరే" అంది.

తెరవడానికి గాదె లేదు.

నక్క మెల్లగా గొంతు సవరించుకుంది. "మొదట్లోనే గుట్టవాళ్ళు బండ ఎక్కి ఉంటే..."

"చెలమ మాట మీరు ఒప్పుకుని ఉంటే..." అని ఎలుగు మొదలుపెట్టాడు.

"నా వల్ల" అన్నాడు ముళ్ళయ్య.

అందరూ తిరిగి చూశారు. ఆ అడవిలో ఆ మాట ఎవరూ విని చాలా కాలమైంది.

"మొన్న నా కాలు లేచింది. నేనే దించాను."

"నీ ఒక్కడి తప్పు ఎలా అవుతుందయ్యా?" అంది నక్క. దాని గొంతులో వెక్కిరింత లేదు.

"మిగతావాళ్ళ కాళ్ళ సంగతి నాకు తెలియదు. ఈ కాలు మాత్రం నాది."

దున్న తల దించుకున్నాడు. "పూడిక తీయడం రెండు రోజుల పని. సరే అంటే పోయేది" అన్నాడు. ఎలుగు తన గోళ్ళ వైపు చూసుకున్నాడు. "నేను చెట్టెక్కాల్సింది" అన్నాడు. ఇవన్నీ మంచి మాటలే. పది రోజుల ముందు అని ఉంటే బంగారు మాటలు.

ముళ్ళయ్య గుట్ట ఎక్కాడు. కాలిన మద్దిచెట్టు మొదట్లో కొమ్మక్క కూర్చుని ఉంది. పిల్ల మేడిపండు చప్పరిస్తోంది.

"తప్పయిపోయింది తల్లీ" అన్నాడు ముళ్ళయ్య. "చెట్టు వేరేది చూద్దాం. గాదె మళ్ళీ నింపుతాం. నేను తవ్వుతాను. నువ్వు ఉండిపో."

"నీ మీద నాకు కోపం లేదన్నా" అంది కొమ్మక్క. "కోపమే అయితే నాలుగు రోజులు అలిగి మళ్ళీ చెట్టెక్కేదాన్ని. ఆకలితో కూడా కూర్చున్నాను కదా. కానీ నన్ను పైన చూస్తూ కూడా నువ్వు కాలు వెనక్కి తీసుకున్నావు. ఇక ఏ కొమ్మ మీద కూర్చున్నా నాకు అదే కనబడుతుంది."

ఆమె పిల్లను పొట్టకు హత్తుకుని వాగు దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

వానలు పడ్డాయి. బూడిదలోంచి గడ్డి లేచింది. ఏళ్ళు గడిచాయి. కట్టుబాటు మాత్రం మారలేదు. ఏడుగురు అంటే ఏడుగురే. కానీ ఇప్పుడు కార్తె మారే రోజున, పొద్దు నడినెత్తికి రాకముందే, అందరికంటే ముందు ఒకడు బండ ఎక్కి నిలబడతాడు. అడిగేది ఉంటే అక్కడ నిలబడే అడుగుతాడు. పోట్లాడేది ఉంటే అక్కడ నిలబడే పోట్లాడతాడు. దిగి మాత్రం రాడు.

ఒక రోహిణి కార్తెలో ముళ్ళయ్య మనవరాలు బండ కిందకు వచ్చి నిలబడింది.

"తాతా, ఇంకా ఎవరూ రాలేదుగా. కాళ్ళు కాలడం లేదూ? వాళ్ళు వచ్చేదాకా నీడలో నిలబడొచ్చు కదా!"

ముళ్ళయ్య గుట్ట వైపు చూశాడు. మద్దిచెట్టు మొండెం పక్కన కొత్త మొలక ఒకటి మోకాలెత్తు పెరిగింది. కొండముచ్చు కూర్చునేంత కొమ్మ రావాలంటే ఇంకా ఎన్నేళ్ళో.

"ఒకసారి నీడలోనే నిలబడ్డానమ్మా" అన్నాడు ముళ్ళయ్య.

నీతి: కలిసి నడవడానికి పెట్టుకున్న కట్టుబాటు పంతానికి చిక్కితే ఎవరూ గెలవరు, తప్పెవరిదో తేలేలోగా కాలిపోయేది అందరి ఇల్లూ.